ఎమ్మిగనూరుకు అందని అరగంట

హైదరాబాద్‌లోని మా ఎఫ్‌ఎం ఆఫీసు గోడ మీద ఒక మ్యాప్ ఉంది. అందులో ఆదోని టవర్ నుంచి ఎమ్మిగనూరు దాకా, ఇటు హాలహర్వి దాకా ఒకటే గులాబీ రంగు. అక్కడంతా మేం వినిపిస్తామని అర్థం. ఆ రంగు వేసినవాళ్లెవరూ అటు వెళ్లిన పాపాన పోలేదు. ఆదోని శ్రోతలకు మేం రోజంతా సిటీ కుర్రకారు పాటలూ, సిటీ ట్రాఫిక్ కబుర్లూ వినిపిస్తాం. పొద్దున ఒక్క అరగంట మాత్రం వాళ్ల యాసలో పత్తి ధరలూ, నూలు ధరలూ, ఉరుకుంద బస్సుల వేళలూ చెబుతాం.

"ఎమ్మిగనూరులో అందకపోతే ఆ అరగంట దండగ, తీసేద్దాం. చూసి రా," అన్నారు మా ప్రోగ్రామ్ హెడ్.

రాత్రి రైలెక్కి పొద్దున ఏడింటికి ఆదోనిలో దిగాను. మార్కెట్ యార్డు ఎదుట నాగమ్మ బండి దగ్గర మరమరాలతో చేసే ఉగ్గాని, బజ్జీ తిన్నాను. అటు వెళ్లేవాళ్లు ఆ ఉగ్గాని వదులుకోవద్దు. బండి మీది రేడియోలో మా అరగంటే వస్తోంది. దాని స్పీకరుకు ఆనించి ఒక ఫోన్ పెట్టి ఉంది.

"లైన్లో ఎవరమ్మా?" అని అడిగాను.

"మా సెల్లెలు ఈరమ్మ సార్. ఎమ్మిగనూరులో ఇంటాండాది. ఆడ ఈ రేడియో రాదు."

ఎనిమిదిన్నరకు బస్సెక్కాను. ఊరు దాటిన కాసేపటికే నా ఫోన్ రేడియోలో మా పాట గరగరలాడి, తర్వాత సరిహద్దు అవతలి కన్నడ పాటగా మారిపోయింది.

"ఈడ అంతే సార్. టికెట్టు తెలుగు, పాట కన్నడం," అన్నాడు కండక్టర్.

నాగమ్మ చెప్పిన గుర్తులతో మగ్గాల వీధిలో ఈరమ్మ ఇల్లు తేలిగ్గానే దొరికింది. వెంట తెచ్చిన సిగ్నల్ మీటరులో మా స్టేషన్ జాడే లేదు. అరగంట తీసేసే మాట ఆమెకు చెప్పాను.

"అక్క ఫోన్ సేస్తానే అరుగు మీద స్పీకరేస్తా. వీధంతా మగ్గాలాపి ఇంటారు. నూలు రేటు తెలీకుంటే షావుకారు సెప్పిందే రేటు. తీసేయాకండి సార్," అంది ఈరమ్మ. మా టవర్ చేయలేని పని ఒక ఫోన్ చేస్తోందని నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గూ వేసింది.

సాయంత్రం తిరుగు రైల్లో ఉండగా హెడ్ ఫోన్ చేశారు. ధైర్యం చేసి అబద్ధమాడాను.

"బ్రహ్మాండంగా అందుతోంది సార్. వీధి వీధంతా పని ఆపి వింటున్నారు."

"భేష్! అంతమంది వింటుంటే పత్తి ధరలెందుకయ్యా? సోమవారం నుంచి ఆ అరగంట కూడా యాడ్స్ తెచ్చే సిటీ పాటలే."

కాపాడబోయి చేజేతులా ముంచాను. ఈరమ్మ ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి నాగమ్మకు సంగతి చెప్పాను.

"పోనీలే సార్. యార్డు నా బండి ముందరే ఉండాది, నూలంగడి ఎనకుండాది. రేట్లు నేనే అడిగి సెప్తా. ఎట్టాగూ ఫోన్ సేసేదే కదా!"

సోమవారం నుంచి ఎమ్మిగనూరు మగ్గాల వీధిలో వినిపించే తెలుగు స్టేషన్ నాగమ్మ ఒక్కతే. మాది మాత్రం మ్యాప్ మీద గులాబీ రంగులో హాయిగా మోగుతూ ఉంటుంది.