కనకవల్లి గారు మాట్లాడని నెల

కడియం దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పే కనకవల్లి గారి గొంతు ఎంత పెద్దదంటే, ఆవిడ తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే పక్క గదిలో పిల్లలు కూడా వినేవారు. ఆ గొంతే దసరా సెలవుల్లో బొంగురుపోయింది. రాజమండ్రిలో డాక్టరు చూసి, "నెలరోజులు గుసగుసలు కూడా వద్దండి" అన్నాడు.

"సెలవు పెట్టండమ్మా" అన్నారు హెడ్మాస్టరు చంద్రరావు గారు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. నిరూపణల పాఠం సెలవులకి ముందే మొదలుపెట్టారు. దాన్ని మధ్యలో వదలడం ఇష్టం లేదు.

మర్నాడు బోర్డు మీద ఒకదాన్నొకటి ఖండించే రెండు గీతలు గీసి, నాలుగు కోణాలకూ వరసగా అంకెలు వేశారు. ఎదురెదురుగా ఉన్న ఒకటినీ మూడునీ చూపించారు.

"సమానం మేడమ్!" అంది క్లాసంతా.

కింద 'ఎందుకని?' అని రాశారు.

"మీరే చెప్పారు కదండీ" అంది హారతి.

ఆ మాటకి ఆవిడ మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ తను చెప్పడమే వీళ్లకి కారణమైందా?

ఏసురాజు ఒకటో కోణాన్ని కోణమానినితో కొలిచి యాభై తొమ్మిది డిగ్రీలన్నాడు. పక్కవాడు మూడోదాన్ని కొలిస్తే అరవై రెండొచ్చింది. ఇద్దరూ వాదులాటకి దిగారు. జవాబు ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది. పెదాలు బిగించి కుర్చీలో కూర్చుండిపోయారు. వాదులాట సద్దుమణిగి పిల్లలు మళ్లీ బొమ్మకేసి చూడసాగారు.

"ఒకటీ రెండూ ఈ గీత మీదే ఉన్నాయండి" అంది పావని మెల్లగా. "కలిపితే నూట ఎనభై."

"రెండూ మూడూ కూడా అంతే కదా! ఆ రెండో గీత మీద" అన్నాడు ఏసురాజు.

"అయితే రెండిట్లోంచీ ఆ రెండో కోణం తీసేయ్. మిగిలేవి సమానమే!" అంది పావని.

"గీతలు ఎలా గీసినా అంతేనా?" అని హారతి అడిగింది. కనకవల్లి గారు లేచి సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చారు. హారతి గీతలు బాగా వాలుగా గీసింది. పావని మళ్లీ మొదటినించీ చెప్పుకొచ్చింది. ఎక్కడా తప్పలేదు. ఆవిడ కళ్లు చెమర్చాయి.

ఆ నెలలో సిలబస్ వెనకబడింది. చంద్రరావు గారు కాస్త విసుక్కున్నారు కూడా. గొంతు బాగయ్యాక ఆవిడ శనివారాలు అదనంగా క్లాసులు తీసుకుని పూర్తి చేశారు. కాకపోతే ఇప్పుడు నిరూపణ వచ్చినప్పుడల్లా, బొమ్మ గీసి వెళ్లి పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుంటారు.