జంగప్ప కాలి కొలత

తాండూరు నాపరాతి పాలిషింగ్ యూనిట్లో కొలతల దగ్గర జంగప్పతో పెట్టుకుని గెలిచినవాళ్లు లేరు. నలభై ఏళ్లుగా బండలు కొలిచి లారీ ఎక్కిస్తున్న మనిషి. కొనేవాడు ఏ కొలత చెప్పినా తల అడ్డంగా ఊపి, "మళ్ల కొలువు" అంటాడు. తప్పున్నా లేకున్నా అనడమే. అలాంటి మనిషి కాలిపుండును కొలిచే పని, నర్సు ఉద్యోగం చేసుకుంటున్న నా నెత్తిన పడింది.

షుగర్ వల్ల ఆయన పాదాలకు స్పర్శ లేదు. బండ అంచు తగిలి బొటనవేలి మొదట్లో కోసుకుపోతే, నేల మీద నెత్తురు చూశాక గానీ తెలియలేదు. ప్రతి మంగళవారం నేను వెళ్లి కట్టు విప్పి, పుండు పక్కన చర్మం మీద నీలం బిళ్ల ఒకటి అంటించి ఫోన్‌తో ఫొటో తీస్తాను. ఆ బిళ్ల సైజు ఫోన్‌కు తెలుసు. దాంతో పోల్చి పుండు ఎంతుందో, అందులో ఎర్రటి కొత్త కండ ఎంతో లెక్కగట్టి వికారాబాద్‌లోని డాక్టరుకు పంపుతుంది. మూడు వారాలు పుండు తగ్గుతూ వచ్చింది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ ఆ ఫొటోలు చూపించమని జంగప్ప నన్ను సతాయించేవాడు. పాపం, చాయ్ తాగుతున్న వాళ్లు కప్పు కింద పెట్టేసేవారు.

నాలుగో మంగళవారం ఫోన్ పుండు పెరిగిందని చూపించింది. కాసేపటికే డాక్టరు ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టాను. "రేపే తీసుకురా రెబెక్కా. వేలు తీసేయాల్సి రావచ్చు" అన్నారు. జంగప్ప భార్య యాదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

జంగప్ప మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"మళ్ల కొలువు."

"కాకా, గిది బండ కాదు. ఫోన్ తప్పు చెప్పది."

"ఫోన్ తప్పు చెప్పకపోతే నువ్వు చెప్తవ్. బిళ్ల యాడ పెట్టినవ్?"

నాకు ఒళ్లు మండింది. అయినా ఫోన్‌లో ఆ ఫొటో తెరిచి చూశాను. ఆ రోజు ఆయన కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా పట్టించుకున్నాడు. బిళ్ల అంటుకోక జారిపోతుంటే విసుగొచ్చి నేల మీదే పెట్టేశాను. కాలేమో జానెడెత్తు పీట మీద ఉంది. కెమెరాకు దూరంగా ఉన్న బిళ్ల చిన్నగా పడింది, దాని ముందు పుండు పెద్దదైపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను.

నూనె తుడిచి, బిళ్లను కాలికే అంటించి మళ్లీ ఫొటో తీశాను. పుండు పోయిన వారం కంటే చిన్నదే! డాక్టరుకు జరిగింది చెప్పాను. ముందు నాలుగు తిట్టి, ఆ తర్వాత పుండు బాగా మానుతోంది, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. యాదమ్మ ఏడుస్తూ నవ్వుతూ చాయ్ పెట్టడానికి లేచింది.

"తప్పు నాదే కాకా. గా ఫొటో చూడకముందే నీకెట్ల తెల్సింది?" అని అడిగాను.

జంగప్ప తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు.

"నాకేమెరుక బిడ్డా! వేలు పోతదంటే పానం ఆగలే. గందుకే కొట్లాడిన."