నాయన తోమిన సొరచేప

కొడుకు పుట్టి వారమైనా నాకు పాలు పడలేదు. వాడు రెండు గుక్కలు లాగి, ఏమీ రాక కేరుమని ఏడ్చేవాడు. డబ్బాపాలు పడితే కక్కేసేవాడు. వాడితో పాటు నేనూ ఏడ్చేదాన్ని. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. మా ఊరు కొత్తచెరువులో నా బాలింతతనం చేసింది నాయనే. వేరుశనగ రైతుకు పథ్యం వంటలేం తెలుస్తాయి? కనపడిన ఆడమనిషినల్లా అడిగి వండేవాడు.

మా వీధి నర్సమ్మది నెల్లూరు వైపు. "మా దగ్గర బాలింతలకు పాలసొర చేప పుట్టు పెడతాం. పాలు పడతాయంటారు" అంది. అంతే, జన్మలో సముద్రం చూడని మనిషి పొద్దున్నే బస్సెక్కి అనంతపురం పోయి, నా చేయంత సొరచేపను సంచిలో తెచ్చాడు.

మా వైపు చేపంటే చెరువు చేపే. చెరువు నిండిన ఏడాదే తింటాం. బూడిద చల్లి, గరుకు బండ మీద రుద్ది పొలుసు తీస్తాం. నాయన అదే పని మొదలుపెట్టాడు. గంటసేపు రుద్దాడు. దాని తోలేమో బండకన్నా గరుకు.

"ఏం చేపమ్మా ఇది! ఒక్క పొలుసూ ఊడల్యా" అంటూ లోపలికొచ్చాడు. వేళ్ల చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

బిడ్డను చూడ్డానికొచ్చిన నర్సమ్మ తల పట్టుకుంది. "అయ్యో పెద్దాయనా, సొరకు పొలుసులెక్కడివి? మరిగే నీళ్లలో ముంచితే ఆ గరుకంతా చేత్తోనే వచ్చేస్తుంది." దగ్గరుండి ఉడికించి, పొడిపొడిగా చిదిమి, గుప్పెడు వెల్లుల్లి వేసి పుట్టుగా వేయించింది. వేయిస్తూనే సొర సంగతులు చెప్పింది. ఇది చిన్నదేనట, పడవంత సొరలూ ఉంటాయట. చేపల్ని వేటాడి తింటుందట. ఈ రకం గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుందట. కన్నాక వెనక్కి తిరిగి చూడదట.

నాలుగో రోజుకు పాలు పడ్డాయి. సొర మహిమో, నర్సమ్మ పూటపూటా కూర్చుని బిడ్డకు రొమ్ము పట్టించిన మహిమో నాకు తెలియదు. ఇద్దరికీ ఈనాటికీ మనసులో దండం పెట్టుకుంటాను. మూడో దండం, అన్నిటికన్నా పెద్దది, గుడ్డపేలికలు చుట్టిన ఆ వేళ్లకు.

కడుపు నిండి నిద్రపోతున్న మనవణ్ణి చూస్తూ నాయన చాలాసేపు కూర్చున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు:

"ఆ సొరను తల్సుకుంటే పాపమనిపిస్తాదమ్మా. కన్న పిల్లల్ని ఇడ్సిపెట్టి పోతాదంట. బాలింతతనం చేసేదానికి దానికి నాయన ల్యాడేమోలే."