నాలుగు నిమిషాల దగ్గు

ఆవిడని వీధిలో అందరూ ఆపరేటరమ్మ అనేవారు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ట్రంకు కాల్స్ కలిపింది. పెళ్ళి కుదిరిన కబురైనా, ప్రాణం పోయిన కబురైనా ఆవిడ చెవి దాటే వెళ్ళేది. విన్నది విన్నచోటే వదిలేసి ఇంటికి రావడం ఆ ఉద్యోగంలో మొదట నేర్చుకున్న పని. పిల్లలు లేరు. భర్త పోయాక, ఆ తర్వాత మరిది కూడా పోయాక, తోడికోడలితో కలిసి రెండు గదుల వాటాలో ఉండేది. చిన్నావిడకి ఒక్కతే కూతురు, పెళ్ళై వెళ్ళిపోయింది. ఒకరు అవునంటే ఇంకొకరు కాదనే జోడీ. అయినా ఒకే పొయ్యి.

ఆవిడ అరవై తొమ్మిదో ఏట పాస్టరుగారు ఒక పని అప్పజెప్పారు. చర్చి కప్పు కారి బీరువాలో రిజిస్టర్లు తడిశాయి. బాప్తిస్మాలవీ పెళ్ళిళ్ళవీ సమాధులవీ కలిపి పదకొండు.

"వీటిని కొత్త పుస్తకాల్లోకి ఎక్కించాలమ్మా. చెరిగిపోయిన చోట పెద్దవాళ్ళని అడిగి పూరించాలి. వాళ్ళు చెప్పేదంతా రికార్డు కూడా చేద్దాం. మీకు వినడం అలవాటే కదా," అన్నారాయన.

వినడం అలవాటే గానీ వినపడటమే తగ్గిందని అనాల్సింది. అనలేదు. ఎడమ చెవి అప్పటికే పోయింది, కుడిది దాని దారే పట్టింది. ఇంట్లో తోడికోడలు సణిగితే పట్టించుకోనట్టు ఊరుకునేది. నిజంగానే వినపడటం లేదని ఆ సణిగేవిడకి కూడా తెలియదు.

పొద్దున్నపూట చర్చి వెనక గదిలో రిజిస్టర్లు. అంటుకుపోయిన పేజీల మధ్య స్టీలు స్కేలు దూర్చి, మెల్లిగా విడదీసి, పాత పేపర్ల మీద ఆరబెట్టేది. సాయంత్రాలు రికార్డరు సంచీలో వేసుకుని ఇళ్ళ చుట్టూ తిరగడం. చర్చి ప్రహరీగోడ మా తాతే కట్టాడన్నాడు తాపీమేస్త్రీ. కట్టలేదు, ఒకసారి దాని మీదనుంచి పడ్డాడంతే అన్నాడు ఎదురింటి వడ్రంగి. రిజిస్టరు చూస్తే గోడ కట్టిన ఏడాదికి ఆ తాతకి ఆరేళ్ళు. ఆవిడ ఇద్దరి మాటా రాసుకుంది. కొందరు గంటసేపు చెప్పి, చివర్లో "ఇదంతా రాయకండేం" అనేవారు. అలాంటివి రాసేది కాదు. ఒకావిడ తన వయసు రిజిస్టర్లో నాలుగేళ్ళు ఎక్కువుందని తెలిసి నెల్లాళ్ళు పలకరించడం మానేసింది.

అన్నిటికన్నా కష్టం, రికార్డు చేసింది కాగితం మీద పెట్టడం. గంట మాటకి ఆరు గంటల రాత. ఎంత గట్టిగా పెట్టినా, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టే ఉండేది. ఇరవయ్యో ఇంటర్వ్యూ రాస్తూ ఒక సాయంత్రం బల్ల మీద తల ఆనించేసింది.

తోడికోడలు గుమ్మంలో నిలబడింది. "ఏంటక్కా, ఇందాకట్నుంచీ ఒకటే ముక్క తిప్పి తిప్పి పెడుతున్నావు? పక్కగదిలో ఉన్న నాకే కంఠతా వచ్చేసింది. వాళ్ళ నాన్న గాడిద మీద వచ్చేవాడట."

"ఏంటీ?"

"గాడిద అక్కా, గాడిద!"

ఆవిడ కాగితం మీద 'గుర్రం' కొట్టేసి 'గాడిద' అని రాసింది. చిన్నావిడకి అప్పుడర్థమైంది. ఎన్నాళ్ళనుంచీ అని అడగలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

ఆ రోజునుంచీ అదే పద్ధతి. చిన్నావిడ రికార్డరు చెవి దగ్గర పెట్టుకుని విని, ఒక్కో వాక్యం పెదాలు కనపడేలా గట్టిగా చెప్పేది. పెద్దావిడ రాసేది, పక్కనే ఎన్నో నిమిషమో వేసేది. ఇళ్ళకి మాత్రం తనొక్కతే వెళ్ళేది. ఎదుటివాళ్ళ ముఖం చూసి, నవ్వితే నవ్వేది, ఏడిస్తే "అయ్యో" అనేది. తనకే సిగ్గుగా ఉండేది.

ముప్పై ఆరో ఇంటర్వ్యూ, కాన్పుల ఆసుపత్రిలో పనిచేసిన ముసలి నర్సుది. తొంభై దాటిన మనిషి, గొంతు బాగా సన్నం. చెబుతూ చెబుతూ ఆవిడ చెయ్యి పట్టుకుని కళ్ళు తుడుచుకుంది. ఆపరేటరమ్మకి ఒక్క ముక్క అందలేదు. "అవునవును, పాపం," అంది.

ఆ రికార్డు రాస్తున్నప్పుడు పద్దెనిమిదో నిమిషంలో చిన్నావిడ ఆగిపోయింది.

"ఏమంటోంది?"

"దగ్గుతోంది."

రికార్డరు మీద అంకెలు కదులుతున్నాయి. "ఇప్పుడో?"

"ఇంకా దగ్గేనక్కా."

ఇరవై రెండో నిమిషం దాకా దగ్గే. నాలుగు నిమిషాలు ఏకధాటిగా దగ్గితే ఆ వయసు మనిషి మిగులుతుందా? పైగా ఆ రోజు ఎదురుగా కూర్చున్నది తనే. కానీ అలిసిపోయి ఉంది. 'దగ్గు, 18 నుంచి 22' అని రాసి ముందుకెళ్ళింది. రెండు వారాలకి ఆ నర్సు చనిపోయింది.

తర్వాతి నెల సమాధుల రిజిస్టర్లో చివరిది విప్పింది. బాప్తిస్మం కాకుండానే పోయిన పసివాళ్ళకి గోడవార ఒక వరస ఉండేది, వాళ్ళకి విడిగా ఒక పేజీ. ఆ పేజీలో నీళ్ళకి పాకిపోయిన సిరాలో మరిది పేరు కనిపించింది. దాని పక్కన 'ఆడశిశువు, మూడు రోజులు' అని ఉంది. తేదీ చూసింది. తను బదిలీ మీద దూరంగా ఉన్న రెండేళ్ళలోది. తోడికోడలికి నెలలు నిండుతున్నాయని తెలిసి అప్పుడు ఒక చిన్న చొక్కా కుట్టి పంపింది. బిడ్డ దక్కలేదని ఇంటినుంచి ఒక కార్డు ముక్క వచ్చింది. కడుపులోనే పోయిందనుకుంది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఇంటికొచ్చేసరికి చిన్నావిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. చెప్పులైనా విడవకుండా అడిగింది.

"నర్సుగారు ఏం చెప్పారు?"

"ఏ నర్సు?"

"దగ్గిన నర్సు."

చిన్నావిడ చేతిలో దుప్పటి సగం మడతలో ఆగింది. లేచి వెళ్ళి వీధి కిటికీ మూసొచ్చింది. గట్టిగా చెబితే గాని వినపడదు మరి.

"పుట్టింది అక్కా. మూడోరోజు పాలు తాగడం మానేసింది. నువ్వు పంపిన చొక్కా ఒంటి మీదే ఉంది. అత్తయ్య చూసి... గొడ్రాలు కుట్టిన చొక్కా ఎవరు తొడగమన్నారు, దాని కన్ను పడిందీ అంది."

పెద్దావిడ మంచం అంచున కూర్చుంది.

"నువ్వూ నమ్మావా?"

"నమ్మాను. మా అమ్మాయి పుట్టేదాకా, అయిదేళ్ళు. నువ్వొస్తే ముఖం తిప్పుకునేదాన్ని, గుర్తుందా?"

గుర్తుంది. ఉద్యోగం చేసే తోడికోడలంటే కుళ్ళనుకుంది అన్నాళ్ళూ.

"తర్వాత బుద్ధొచ్చింది. బుద్ధితో పాటే సిగ్గూ వచ్చింది. చెబుదామనుకునేసరికి చెప్పే వేళ దాటిపోయింది," అంది చిన్నావిడ.

"నర్సు మాట చెప్పు."

"నీ చొక్కా వల్ల కాదమ్మా అంది. బిడ్డకి పుట్టుకతోనే గుండెలో లోపం ఉందట. అత్తయ్యకి అప్పుడే చెబితే వినిపించుకోలేదట. ఇన్నేళ్ళూ ఆ నింద మోశావు తల్లీ అని ఏడ్చింది. నువ్వేమో అవునవును, పాపం అన్నావు."

కోపం రావాల్సిన మాటే. ఆవిడ తనలో తను వెతుక్కుంది కూడా. దొరకలేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి. అత్తగారు పోయి ఇరవై ఏళ్ళు. ఎవరి మీద పడాలి? "చొక్కా ఏం చేశారు?" అని అడిగింది.

"దాంతోనే పంపించాం."

ఆ పూట పొయ్యి వెలిగించలేదు. రెండు రోజులు ఎవరి గదిలో వాళ్ళున్నారు. మూడోరోజు చిన్నావిడే రికార్డరు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఆ నాలుగు నిమిషాలూ చెబుతాను, రాయి."

"వద్దులే. రాయొద్దన్నవాళ్ళవి ఎవరివీ రాయలేదు."

"నేను రాయొద్దని ఎప్పుడన్నాను? దగ్గన్నానంతే."

పెద్దావిడకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఇద్దరూ కాసేపు ముక్కులు చీదుకుని పనిలో పడ్డారు. అత్తగారి మాట కూడా ఉన్నది ఉన్నట్టే ఎక్కింది. కొత్త సమాధుల పుస్తకంలో ఆ పాప దగ్గర పేరు గడి ఖాళీగా ఉంటే ఏం చెయ్యమని అడిగింది పెద్దావిడ.

"పెట్టని పేరు ఇప్పుడెక్కడ తెస్తాం? వదిలెయ్యి."

మరుసటేడు పని పూర్తయింది. నలభై మూడు ఇంటర్వ్యూలు, పదకొండు రిజిస్టర్ల నకళ్ళు. పాస్టరుగారికి ఈలోగా బదిలీ అయింది. కొత్తాయన చాలా సంతోషమని చెప్పి అన్నీ ఇనప బీరువాలో పెట్టించారు. మూడు ఆదివారాలు జనం వచ్చి ఎవరి ఇంటిపేరు వాళ్ళు వెతుక్కున్నారు. రాతలో తప్పులు దొరికినవాళ్ళు ఆవిడ దాకా వచ్చి చెప్పారు. నాలుగో ఆదివారం ఎవరూ రాలేదు.

ఒకరోజు ఇద్దరూ గోడవార వరస చూద్దామని వెళ్ళారు. ప్రహరీ ఎప్పుడో జరిపి కట్టారట. పాత గోడ ఎక్కడుండేదో కాపలావాడికి తెలియదు. గడ్డిలో కాసేపు నిలబడ్డారు. చిన్నావిడకి మోకాళ్ళు పట్టేశాయి. ఆటో దొరకలేదు. ఒకరి భుజం ఒకరు పట్టుకుని, మధ్యమధ్యలో ఆగుతూ, నడిచే ఇంటికి వచ్చారు.