పెగ్లర్ చేసిన అయిదో బండి

డెస్మండ్ పెగ్లర్, మాకు డెస్, పొలాలకు గేట్లు చేసేవాడు. ఇంగ్లండులో స్ట్రౌడ్ చుట్టుపక్కల కొండల మీద ఇవాళ్టికీ ఆవుల్ని ఆపుతున్న ఇనప గేట్లలో సగం అతని చేతివే. ముప్పయ్యో ఏడు వచ్చేదాకా అతని దృష్టిలో మోటారుసైకిలంటే పనికి వెళ్ళడానికీ, భార్యను వెనక కూర్చోబెట్టుకుని ఏడాదికోసారి సముద్రం చూపించి రావడానికీ పనికొచ్చే వస్తువు, అంతే. ఇంకో రకంగా కూడా పనికొస్తుందని చూపించిన పాపం నాది.

1961 ఏప్రిల్‌లో ఒక ఆదివారం నేనే అతన్ని స్క్రాంబుల్‌కి లాక్కెళ్ళాను. ఇప్పటివాళ్ళు మోటోక్రాస్ అంటున్నారు గానీ మాకది స్క్రాంబులే. కొండవాలుకు అడ్డంగా తాళ్ళు కట్టి, వాటి మధ్య బురదలో ముప్పై మంది మోటారుసైకిళ్ళ మీద ఎగిరెగిరి పడుతూ పందెం వేసుకుంటారు. మా క్లబ్బులో మూడో మలుపు దగ్గర ఎవరైనా పడితే వెనకవాళ్ళకి పసుపు జెండా ఊపడం నా పని. డెస్ నా పక్కన నిలబడి, చేతిలోని టీ తాగడం కూడా మరిచిపోయి చూశాడు. రెండో పందెంలో ఒకతను ఇంట్లో అతికించుకుని తెచ్చిన బండి, హ్యాండిలు కింద ముందు ఫోర్కు కలిసే మెడ దగ్గర పుటుక్కున విరిగింది. అతనికేం కాలేదు, గడ్డిలో దొర్లి లేచాడు. జనమంతా మనిషి వైపు పరిగెత్తితే డెస్ బండి వైపు పరిగెత్తాడు. మోకాళ్ళ మీద కూర్చుని ఆ విరిగిన చోటు వేలితో తడిమి, తిరిగొచ్చి నాతో ఒకటే మాట అన్నాడు.

"ఈ అతుకు వేసినవాడు జన్మలో గేటు చేసుండడు."

ఇంటికెళ్ళేదాకా అదే ధోరణి. గేటుకి ముప్పావు టన్ను బరువున్న ఎద్దు రోజూ వచ్చి ఒరుసుకుంటుందనీ, పిల్లలెక్కి ఊగుతారనీ, అయినా ముప్పై ఏళ్ళు నిలబడాలనీ, పైగా ఓ ముసలమ్మ ఒంటి చేత్తో తెరవగలిగేంత తేలిగ్గా ఉండాలనీ చెప్పుకుంటూ వచ్చాడు. బండికి కావలసింది కూడా అదేగా అన్నాడు. ఆ వారంలోనే పెరట్లో కోళ్ళ షెడ్డు ఖాళీ అయింది. కోళ్ళు బట్టలుతికే గదిలోకి మారాయి. భార్య ఏవిస్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసేది. ఆవిడ వారం పాటు గుడ్లు వండడం మానేసింది.

ఓ పాత బి.ఎస్.ఎ. మోటారుసైకిలు అయిదు వందల సీసీ ఇంజను సంపాదించాడు. దాని చుట్టూ సన్నటి గొట్టాలు వంచి, ఇత్తడి కరిగించి అతికి, సొంత ఫ్రేము కట్టాడు. రంగు మాత్రం వెతుక్కోలేదు. వర్క్‌షాపులో గేట్లకు వేసే ఆకుపచ్చ డబ్బా ఉండనే ఉంది. మొదటి పందేనికి దాన్ని వ్యానులోంచి దింపగానే అందరూ చుట్టూ మూగారు. ఒకతను హ్యాండిలు పట్టుకుని, "దీని గొళ్ళెం ఎటుంది పెగ్లర్, ఎక్కిన తర్వాత మూసెయ్యాలా?" అని అడిగాడు. ఇంకొకతను తన ఆవులు తప్పించుకుపోయాయనీ, వచ్చే వారం దాకా ఈ బండి అద్దెకిస్తావా అనీ వేళాకోళం చేశాడు. డెస్ నవ్వి, చేతి తొడుగులు వేసుకున్నాడు.

నిజం చెప్పాలంటే డెస్ బండి తోలడంలో పరమ నాసి. మొదటి పందెంలో వాగులో పడ్డాడు. రెండోదాంట్లో దారి తప్పి టీ డేరాలోకి వెళ్ళాడు. మూడోదాంట్లో నా మీదికే వచ్చాడు. నేను జెండా వదిలేసి పక్కకు దూకాను. బండికి మాత్రం ప్రతిసారీ ఏమీ కాలేదు. దాన్ని లేపి తుడిస్తే మళ్ళీ కొత్తదే. అది మొదట గమనించింది ఏవిస్. నాలుగో ఆదివారం సాయంత్రం, అతని మోచేతికి కట్టు కడుతూ, "డెస్, నువ్వు చేసేది బాగుంది, తోలేది బాగాలేదు. తోలడం వచ్చినవాడికి ఇవ్వు," అంది.

అలా వచ్చాడు ఐవర్ మించిన్. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, చీపురుపుల్లలా ఉండేవాడు. తెల్లారకముందే పొలాలన్నీ తిరిగి పాల క్యాన్లు మోసుకొచ్చే లారీ నడిపేవాడు. కొండదారుల్లో ఆ లారీని ఎంత వేగంగా తోలినా చుక్క పాలు ఒలికేవి కావని చెప్పుకునేవారు. డెస్ బండి ఎక్కి పొలం చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చి, ముందు చక్రం కాస్త మొండికేస్తోందనీ, మెడ ఒక వేలెడు లోపలికి వాలిస్తే మాట వింటుందనీ అన్నాడు. తన పనిలో తప్పు పట్టినవాడిని డెస్ అంత సంతోషంగా చూడటం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆదివారం సాయంత్రాలు ఏవిస్ వంటింట్లోనే గడిచాయి. రొట్టె, జున్ను, ఊరబెట్టిన ఉల్లిపాయలు, సైడరనే ఆపిల్ కల్లు. ఐవర్ మిరియాల డబ్బాని ముందు చక్రంగా, చెంచాని వెనక చక్రంగా పెట్టి బండి ఎక్కడెలా జారిందో చూపించేవాడు. డెస్ పెన్సిలుతో గోడ మీద గీసేవాడు. సోమవారం గేట్లు, మంగళవారం నుంచి షెడ్డులో మార్పులు. ఒకటి తర్వాత ఒకటి ఏడు బండ్లు చేశాడు. అన్నింటిలోకీ అయిదోది గొప్పది. 1964 మే నెల సెలవు సోమవారం నాడు, పెద్ద పెద్ద కంపెనీల జీతం తీసుకునే రైడర్లు వచ్చిన పందెంలో, ఐవర్ దాని మీద అరచక్రం తేడాతో మొదటొచ్చాడు. జెండా కింద పడేసి నేను గంతులు వేశానని క్లబ్బువాళ్ళు నన్ను మందలించారు. డెస్ గంతులు వెయ్యలేదు. బండి దగ్గరికెళ్ళి మెడ కింద అతుకు మీద చెయ్యేసి చూశాడు, వేడిగా ఉందేమోనని.

తర్వాత రోజులు మారాయి. స్వీడన్ నుంచీ, చెకోస్లొవేకియా నుంచీ తేలికపాటి టూ స్ట్రోక్ బండ్లు దిగాయి. అవి కందిరీగల్లా రొద పెడతాయని మేం నవ్వుకున్నాం. ఏడాదిలో ఆ కందిరీగలే అందరికంటే ముందు వెళ్ళడం మొదలుపెట్టాయి. 1968 మార్చిలో మొదటి పందేనికి డెస్ ఏడో బండిని వ్యానులో తెచ్చి ఐవర్ కోసం చూస్తున్నాడు. ఐవర్ వచ్చాడు, స్వీడన్ బండి తోసుకుంటూ. ఒక్క ముక్క ముందు చెప్పలేదు. డెస్ మొదటి చుట్టు దాకా తాడు దగ్గర నిలబడి చూసి, తన బండిని తానే వ్యానులోకి ఎక్కించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఐవర్ రెండుసార్లు ఇంటికొచ్చాడు. రెండుసార్లూ డెస్ పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచాడు. ఆ వేసవికల్లా బండ్లన్నీ అమ్మేశాడు, కోళ్ళు షెడ్డులోకి తిరిగొచ్చాయి. ఇద్దరి ఇళ్ళ మధ్యా ఎనిమిది మైళ్ళు. నలభై ఒక్క ఏళ్ళు మాటల్లేవు. సంతలో ఎదురుపడితే ఒకరు క్యాబేజీల్ని పరీక్షగా చూసేవారు, ఇంకొకరు క్యారెట్లని.

2009 ఆగస్టులో మా పాత కొండ మీదే పాత బండ్ల ప్రదర్శన పెట్టారు. డెస్‌కి డెబ్భై ఎనిమిది. రానన్నాడు. ఏవిస్ కోటు వేసుకుని కారులో కూర్చుని హారను కొట్టింది, వచ్చాడు. వరసగా నిలబెట్టిన బండ్లు చూస్తూ ముగ్గురం నడుస్తున్నాం. డెస్ ఒక్కసారిగా ఆగిపోయాడు. ఎదురుగా ఎర్ర తివాచీ మీద, చుట్టూ తాడు కట్టి, ఆకుపచ్చ బండి.

దాని యజమాని గిల్‌ఫోర్డ్ నుంచి వచ్చిన పళ్ళ డాక్టరు, పేరు హ్యూగో సాండోవర్. మంచి మనిషి, మాట్లాడే మనిషి. ఎవరో ముసలాయన ఆసక్తిగా చూస్తున్నాడని సంబరపడి వివరించడం మొదలుపెట్టాడు. ఇది ఓ పెద్ద ఫ్యాక్టరీ రహస్యంగా చేయించిన ప్రయోగమట, ప్రపంచంలో ఇదొక్కటేనట. సీటు కింద కుడి గొట్టం రెండంగుళాలు లోపలికి వంగి ఉండటం చూశారా, దెబ్బ తగిలినప్పుడు ఫ్రేము విల్లులా వంగడానికట. అది ఆలోచించినవాడు మేధావి అని సాండోవర్ నమ్మకం.

డెస్ శ్రద్ధగా విన్నాడు. "అలాగా," అన్నాడు. అంతే. అతను అక్కణ్ణుంచి కదిలేవాడే, ఏవిస్ ఊరుకోలేకపోయింది.

"ఆ గొట్టం మీదికి ఈయన వ్యాను వెనక్కి పోనిచ్చాడు బాబూ. వేరే గొట్టం లేక అదే వాడాడు," అంది.

సాండోవర్ మర్యాదగా నవ్వాడు. ఇలాంటివాళ్ళని చాలామందిని చూసినవాడి నవ్వు. అప్పుడు డెస్ నెమ్మదిగా, మెడ కింద వేలు పెట్టి చూడమన్నాడు. అక్కడ తలకిందులుగా అయిదు అంకె ఉంటుందనీ, ఆ రోజు కళ్ళజోడు లేక అచ్చు తిరగేసి కొట్టాననీ చెప్పాడు. సాండోవర్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. ఆ గుర్తు సంగతి అతనికి తెలుసు. అది ఫ్యాక్టరీ ప్రయోగశాల వాళ్ళ రహస్య సంకేతమని ఒక పత్రికలో మూడు పేజీల వ్యాసం కూడా రాశాడు. పాపం, గడ్డి మీద చతికిలబడ్డాడు. కాసేపటికి తానే లేచి, బండి ముందున్న వివరాల పలకను పీకి, వెనక్కి తిప్పి, పెన్నుతో పాటు డెస్ చేతికిచ్చాడు. "మీరే రాయండి సార్," అన్నాడు. డెస్ ఆలోచించి రాశాడు: డి. పెగ్లర్, గేట్లు చేసేవాడు.

ఇంతకీ దీన్ని తోలిందెవరని అడిగాడు సాండోవర్. డెస్ కొండ వైపు చూశాడు. నేను నా బూట్లు చూసుకున్నాను. "ఐవర్ మించిన్," అంది ఏవిస్, సంచిలోంచి ఫోను తీస్తూ. ఆ నంబరు ఆవిడకు కంఠతా వచ్చు. అప్పుడు బయటపడింది, నలభై ఒక్క క్రిస్మస్‌లూ ఆవిడా ఐవర్ భార్యా ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నారని. ఎక్స్చేంజిలో పనిచేసిన మనిషితో డెస్ ఏం వాదిస్తాడు.

ఐవర్ అరగంటలో వచ్చాడు. డెబ్భై ఏళ్ళు, ఒక పక్క తుంటికి కొత్త కీలు, చేతిలో కర్ర. ఎవరినీ పలకరించకుండా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బ్రేకు పెడలు ఇంకా అరంగుళం ఎత్తుగానే ఉంది," అన్నాడు.

"నీ కాలే అరంగుళం పొట్టి," అన్నాడు డెస్.

"నలభై ఏళ్ళ కిందటే మార్చమన్నాను."

"నలభై ఒకటి."

ఐవర్ కర్ర మొనతో ఆ పెడలుని ఒకసారి తట్టి, మొదలుపెట్టాడు.

"నీకు ముందే చెప్పాల్సింది డెస్. అంతకు ముందు మూడు ఆదివారాలు చెబుదామనే వచ్చాను. ఏవిస్ పెట్టింది తినేసి, చెప్పకుండానే వెళ్ళిపోయాను."

"ఆ స్వీడన్ బండి మంచిదే అబ్బీ," అన్నాడు డెస్. "ఆ రోజు మొదటి చుట్టులోనే తెలిసింది నాకు. నేను రాత్రింబవళ్ళు కూర్చున్నా అలాంటిది చెయ్యలేనని తెలిసింది. కోపం దాని మీద చూపించలేక నీ మీద చూపించాను."

ఐవర్ కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "మంచిదే. కానీ దాని మీద పడ్డప్పుడల్లా ఏదో ఒకటి విరిగేది," అన్నాడు. "ఎక్కువగా నా ఎముకే."

డెస్ నవ్వాడు. వంగి, తుంటి మీద చెయ్యేసుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఐవర్ అతని వీపు మీద తట్టాడు. ఏవిస్ అటు తిరిగి సంచిలో ఏదో వెతుక్కుంది.

సాండోవర్ తాడు విప్పేసి, తోలండి అన్నాడు. ఐవర్ కొత్త కీలుతో స్టార్టరు తన్నలేకపోయాడు. డెస్ తన్నాడు, నాలుగోసారికి ఇంజను దడదడమని అందుకుంది. కొండ మీద ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు. ఐవర్ ఒకే ఒక్క చుట్టు, నెమ్మదిగానే తిరిగాడు. మూడో మలుపు దగ్గరికొచ్చేసరికి ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాడు. మోకాళ్ళు బండిని అదిమి, భుజాలు వదులుగా, అచ్చం పాత ఐవర్. డెస్ మలుపు లోపలి వైపుకు నడిచి, తల వంచి, కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడు వింటూ నిలబడ్డాడు.

ఆ సెప్టెంబరులోనే సాండోవర్ ఎనిమిదో బండి చేసిపెట్టమని అడిగాడు. డెస్ కుదరదన్నాడు. చూపు ఆనట్లేదనీ, చెయ్యి వణుకుతుందనీ అన్నాడు. ఐవర్ మరుసటి గురువారమే గొట్టాల కట్ట కారు మీద కట్టుకుని గుమ్మంలో దిగాడు. ఆ పనికి మూడు చలికాలాలు పట్టింది. అతుకు దగ్గర డెస్ వేలితో చూపిస్తే గ్యాసు మంట పట్టుకున్నది ఐవర్. ప్రతి గురువారం ఇద్దరూ గొంతు చించుకునేవారు. సీటు ఎత్తు గురించి ఒక నెలంతా వాదన నడిచింది. ఇన్నేళ్ళు ఇల్లెంత ప్రశాంతంగా ఉండేదో తనకు తెలిసిరాలేదని ఏవిస్ నాతో అంది. అంటూనే పొయ్యి మీద ముగ్గురికి సరిపడా కూర పెట్టింది.

2012 వేసవిలో సాండోవర్ దాని మీద మొదటి పందెం నడిపి పద్నాలుగు మందిలో పదకొండో వాడిగా వచ్చాడు. ఆనందంతో హెల్మెట్ తియ్యడం కూడా మరిచిపోయి అందరితో కరచాలనం చేశాడు. మా ఇద్దరు ముసలివాళ్ళూ అది చూడనేలేదు. తాడు దగ్గర మడతకుర్చీల్లో కూర్చుని, తొమ్మిదో బండికి మెడ ఎంత వాల్చాలో అట్టముక్క మీద గీసుకుంటున్నారు.