అరిటాకు రంగు అట్ట

ఎనభైల మొదట్లో అమలాపురంలో మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు, కొత్తగా తల్లీతండ్రీ అయినవాళ్లకి పురిటాసుపత్రిలో పంచడానికి ఒక చిన్న పుస్తకం వేయిద్దామన్నారు. పాలు పట్టడం, టీకాలు వేయించడం, విరేచనాలైతే ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగించడం, ఇలాంటివి అందులో ఉంటాయి. స్కూల్లో డ్రాయింగు టీచర్ని కదా, బొమ్మలూ అట్టా నా నెత్తిన పడ్డాయి. నాకప్పుడు ఏడో నెల. అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు.

రెండోది పుట్టినప్పుడు మా అత్తగారు వార్డు గుమ్మం దాకా వచ్చి, ఆయా చెప్పిన మాట విని, పిల్లని చూడకుండానే వాళ్లూరు రాజోలుకి బస్సెక్కేశారు. తర్వాత ఆ పిల్లనే చంక దించలేదనుకోండి, అది వేరే సంగతి. ఈసారీ ఆడపిల్లయితే మళ్లీ ఆ గుమ్మం దగ్గరే వెనక్కి తిరుగుతారేమోనని నాకు లోపల ఒకటే గుబులు. సాయానికని ఆవిడ అప్పటికే మా ఇంట్లో దిగారు కూడా.

ఒక సాయంత్రం ప్రెస్సు ఓనరు అట్ట నమూనాలు రెండు పట్టుకుని ఇంటికే వచ్చారు. ఒకటి నీలం, ఒకటి గులాబీ.

"ఆసుపత్రిలో ఉయ్యాలకి కట్టే చీటీలు చూసేనండి. మగపిల్లాడికి నీలం, ఆడపిల్లకి గులాబీ. మనమూ సగం ఇదీ సగం అదీ వేసేద్దామండి. మీరు చెప్పకపోయినా నేనే ఆలోచించేనండి" అన్నారు, మెచ్చుకుంటానని చూస్తూ.

నాకు ఒళ్లు మండింది. గులాబీ పుస్తకం చేతిలో పడగానే మొహాలు ముడుచుకునేవాళ్లని నేను చూడలేదా? ఇక దాన్ని తెరిచి చదివేదెవరు?

"మగపిల్లాడి విరేచనాలు వేరూ, ఆడపిల్ల విరేచనాలు వేరూనా అండీ?"

"ఆయ్, ఒకటేనండి."

"అయితే రంగూ ఒకటే ఉండాలండి."

ఏ రంగన్నది తేలితేగా! ఎరుపంటే ఎర్ర త్రికోణం గుర్తొచ్చి, కుటుంబ నియంత్రణ వాళ్ల పుస్తకమనుకుని జనం పారిపోతారన్నారాయన. పోనీ పసుపంటే, ఈ ఎలక్షన్ల వేడిలో ఇది ఏ పార్టీది అని అడుగుతారన్నారు. తెలుపంటే నేనే ఒప్పుకోలేదు. పసిపిల్లలున్న ఇంట్లో తెల్లట్ట ఎన్నాళ్లుంటుంది?

అరుగు మీద కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీరుతున్న అత్తగారు తల ఎత్తకుండా అన్నారు: "లేత అరిటాకు రంగు వెయ్యండి. ఆకు ముందు కూర్చున్నాక మగా ఆడా అని ఎవరడుగుతారు?"

నేను నోరు వెళ్లబెట్టాను. ఇంత మాట ఆవిడ నోట వస్తుందని కలలో కూడా అనుకోలేదు. అయితే నా సంబరం ఎంతోసేపు నిలవలేదు. ప్రెస్సాయన వెళ్లాక బల్ల మీద చూస్తే గులాబీ నమూనా ఒక్కటే ఉంది. నీలం అట్టని అత్తగారు మడత పడకుండా తన సంచిలో పెట్టుకుంటున్నారు. ఎవరి కోసమో అడగక్కర్లేదు. ఊరందరికీ అరిటాకు రంగూ, మనవడికి నీలమూనన్నమాట. ఆ రాత్రి అన్నం సయించలేదు.

అరిటాకు రంగు అంత తేలిగ్గా దొరకలేదు. నీలంలో పసుపు కలిపి కలిపి, ఒకసారి నాచులాగా, ఒకసారి చిలకలాగా వచ్చాక, చివరికి కుదిరింది. కంటికి హాయిగా అనిపించింది. నాకు నచ్చేసింది.

పుస్తకాలు ఆసుపత్రికి చేరిన వారంలోనే నాకు నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఆయా ఆ మాట చెప్పడానికి గుమ్మం వైపు వెళ్లడం చూసి కళ్లు మూసుకున్నాను. అలసట మీద నిద్ర పట్టేసింది.

మెలకువ వచ్చేసరికి కరెంటు లేదు, వార్డంతా ఉక్క. ఉయ్యాల పక్కన స్టూలు వేసుకుని అత్తగారు కూర్చున్నారు. సంచిలోంచి తీసిన నీలం అట్టతో పిల్లకి విసురుతున్నారు.

పక్క మంచం బాలింతరాలి తల్లి పలకరించింది. "చేతిలో నీలం అట్ట చూసి మగపిల్లాడనుకున్నానండి."

"ఆడపిల్లేనండి. దీనికి మాత్రం ఉక్కపొయ్యదేంటండి?" అని అత్తగారు చెయ్యి మార్చుకుని మళ్లీ విసరసాగారు.