వెంకట్రాజం మామ పన్నెండు ఫీచర్లు

మా పక్కింటి వెంకట్రాజం మామకు ఫొటో తీయడం కన్నా కెమెరా గురించి చెప్పడం ఇష్టం. సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా అది. దాని పన్నెండు ఫీచర్లూ వివరించనిదే బటన్ నొక్కడు. నవ్వుతూ నిలబడ్డవాళ్లు నాలుగో ఫీచర్‌కి మొహం మాడ్చుకుంటారు, ఎనిమిదో దానికి కుర్చీ వెతుక్కుంటారు.

మామకు వరంగల్ చౌరస్తా దగ్గర స్టీలు సామాన్ల దుకాణం ఉంది. టిఫిన్ డబ్బా కొన్న ప్రతివాళ్లకూ జూమ్ అంటే ఏమిటో తెలుసు. ఓసారి తొర్రూరు నుంచి వచ్చిన కొత్త జంట బిందె కొని, సరదాపడి ఫొటో అడిగారు.

"ఇది మాక్రో. చీమ మీసాలు గూడ లెక్కవెట్టచ్చు. ఇది స్టెబిలైజర్. నా చెయ్యి వణికినా మీ బొమ్మ వణకది..."

వాళ్ల బస్సు వెళ్లిపోయింది. చివరికి పడిన ఫొటోలో పెళ్లికొడుకు వాచీ చూసుకుంటున్నాడు. మామ మాత్రం వాళ్ల అడ్రసు రాయించుకున్నాడు, ఎందుకో మాకు అర్థం కాలేదు.

"ఫోన్ల మంచి కెమెరా ఉన్నది గద మామా?" అంటే కోపం.

"ఫోన్ల కెమెరా కిరాయికుంటాందిరా. దీంట్ల దానికి సొంతిల్లు!"

పోయిన వేసవిలో మా చెల్లె హారిక పెళ్లి. దానికి ఒకటే కోరిక, బాపమ్మ నవ్వుతున్న ఫొటో ఒకటి అత్తారింటికి తీసుకుపోవాలని. మా నాన్నను పెంచిన చేత్తోనే దాన్నీ పెంచింది బాపమ్మే మరి. కానీ బాపమ్మకు ముందు పళ్లు నాలుగు ఊడినప్పటి నుంచి కెమెరా కనబడితే చాలు, కొంగు నోటికి అడ్డం వస్తుంది. పెళ్లి ఫొటోలకు పెట్టుకున్న అనిల్ రెండు రోజులు వెంటపడి ఇరవై కొంగు ఫొటోలు తీశాడు.

"ఆధార్ కార్డుల ఉన్నది గద నా ఫొటో, సాలదా?" అంటుంది బాపమ్మ.

పెళ్లిరోజు పొద్దున్నే హారిక కళ్లనీళ్లు పెట్టుకుంది. "నువ్వన్న జర తియ్యవా మామా?"

నేను గడియారం వంక చూశాను. పన్నెండు ఫీచర్లంటే ముహూర్తం దాటిపోతుంది.

మామ కెమెరాను పొట్ట మీద ఆనించుకుని మొదలుపెట్టాడు. ఇప్పట్లో నొక్కడని తెలుసు కాబట్టి బాపమ్మ కొంగు వదిలేసి తీరిగ్గా కూర్చుంది.

"ఇది బీచ్ మోడ్ అత్తా. సముద్రం కాడ తీసెటందుకు."

"వరంగల్ల సముద్రమేడున్నది అల్లుడా?"

"వస్తే మనం తయారుండాలె గద!"

బాపమ్మ పడీ పడీ నవ్వింది. మామ నవ్వకుండా తొమ్మిదో ఫీచర్‌కి వెళ్లాడు. పన్నెండూ పూర్తిచేసి, "ఆఁ, ఇప్పుడు నవ్వుండ్రి" అని బటన్ నొక్కాడు. తెర మీద మళ్లీ కొంగే. హారిక లేచి వెళ్లింది. నేను మామను మనసులో చెడామడా తిట్టుకున్నాను.

సాయంత్రం అప్పగింతలప్పుడు మామ హారిక చేతిలో ఒక కవరు పెట్టాడు. అందులో బాపమ్మ ఫొటో! కొంగు ఒళ్లో ఉంది, నోరంతా తెరిచి నవ్వుతోంది.

"ఎప్పుడు దీసినవ్ మామా?" అంది హారిక.

"నేను దియ్యలే బిడ్డా. ఎదుటిమనిషి నవ్వంగనే దానంతటదే తీస్తది. సప్పుడు బంద్ వెట్టిన."

బాపమ్మ తొంగిచూసింది. "పండ్లు లేకున్నా తీస్తదా?"

"అది పండ్లు లెక్కవెట్టది అత్తా, నవ్వే సూస్తది."

తొర్రూరు జంటకు కూడా ఇలాంటిదే పోస్టులో వెళ్లిందని మామ భార్య కళావతి అత్త అప్పుడు చెప్పింది. తిట్టుకున్నందుకు నాకు సిగ్గేసింది.

"మరి గీ పదమూడో ఫీచర్ ఎవ్వలకు చెప్పవేంది మామా?" అన్నాను.

"చెప్తే దానికోసం నవ్వుతరు. చెప్పకపోతే నన్ను జూసి నవ్వుతరు."

బాపమ్మ ఫొటోను కొంగుతో తుడిచి హారికకు ఇచ్చింది. "అల్లుడా, గా సముద్రమొస్తే జర ముందుగాల చెప్పు. మంచి చీర గట్టుకొస్త."

అప్పగింతల ఏడుపు మధ్యలో హారిక పక్కున నవ్వింది. మామ పొట్ట మీద కెమెరా ఆన్‌లోనే ఉంది.